"ఇక రాయడమే" అనుకునేవాళ్లతో కొన్ని మాటలు

(సామాజిక శాస్త్రాల్లో పీహెచ్‌డీ మొదలుపెట్టిన విద్యార్థుల కోర్స్‌వర్క్‌లో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, చిన్నచిన్న సవరణలతో.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు రండి. చివర్లో మీ చేత రాయిస్తాను కాబట్టి పెన్నూ కాగితం దగ్గర పెట్టుకోండి.

ముప్పై ఏళ్లుగా సోషియాలజీ చెబుతున్నాను. ఈ ముప్పై ఏళ్లలో స్కాలర్ల నోట అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట ఒకటుంది. నాలుగో ఏడాదిలోనో ఐదో ఏడాదిలోనో కారిడార్‌లో ఎదురుపడతారు. "ఎంతవరకొచ్చిందమ్మా?" అని అడుగుతాను. "ఫీల్డ్‌వర్క్ అయిపోయింది మేడమ్. డేటా అంతా ఎంట్రీ చేసేశాను. ఇక రాయడమే" అంటారు.

ఆ "ఇక రాయడమే" వింటే నాకు భయమేస్తుంది. ఆ మాట అన్నవాళ్లలో చాలామంది తర్వాత ఏడాదో రెండేళ్లో కనిపించరు. ఫోన్ చేస్తే ఎత్తరు. డిపార్ట్‌మెంట్‌కి వచ్చినా గైడ్ గది ముందు నుంచి కాకుండా వెనక మెట్ల మీదుగా వెళ్లిపోతారు. వాళ్లేమీ బద్ధకస్తులు కారు. ఎండల్లో ఊళ్లు తిరిగి వందలమందితో మాట్లాడి వచ్చినవాళ్లు. తప్పు మేం నేర్పిన వరసలో ఉంది. ముందు చదవాలి, తర్వాత ఊరెళ్లి డేటా తేవాలి, తర్వాత విశ్లేషించాలి, అన్నీ అయ్యాక రాయాలి అని చెప్పాం. వంటంతా అయ్యాక విస్తట్లో వడ్డించినట్టు, రాయడాన్ని ఆఖరి పని చేశాం. రాయడమే వంట. మొదటి రోజు నుంచీ అది పొయ్యి మీద ఉండాలి. ఇవాళ నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే. మిగతాదంతా ఇది ఎలా చెయ్యాలన్నదే.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. పీహెచ్‌డీలో మొదటి చాప్టర్ నలభై పేజీలు రాసి మా గైడ్‌గారికిచ్చాను. వారం తర్వాత తిరిగొచ్చింది. ఎక్కడా ఎర్ర సిరా లేదు. హమ్మయ్య అనుకున్నాను. చివరి పేజీ అడుగున పెన్సిల్‌తో ఒకే ఒక్క మాట రాసుంది: "అయితే?"

అది అర్థం కావడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ నలభై పేజీల్లో ఫలానా ఆయన ఇలా అన్నారు, ఫలానా ఆవిడ అలా అన్నారు అని అందరి మాటలూ ఉన్నాయి. నేనేమంటున్నానో ఎక్కడా లేదు. ఇప్పటికీ నేను ఏది చదివినా, ఎవరి డ్రాఫ్ట్ దిద్దినా ముందు వేసుకునే ప్రశ్న అదే. మీరూ మీ ప్రతి పేజీ కింద ఆ మాట రాసి చూసుకోండి. జవాబు చెప్పగలిగితే ఆ పేజీ ఉంచండి.

ఇప్పుడు ఒక పేరాని దగ్గర పెట్టుకుని చూద్దాం. రెండేళ్ల క్రితం ఒక అబ్బాయి కౌలు రైతుల అప్పుల మీద రాసిన చాప్టర్ పట్టుకొచ్చాడు. అతను రాసింది ఇంగ్లీషులో. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "అధ్యయన ప్రాంతంలో కౌలు రైతుల ఋణగ్రస్తత అధికంగా ఉన్నట్లు గమనించబడినది. సంస్థాగతేతర ఋణ వనరులపై ఆధారపడటం విస్తృతంగా కనిపించుచున్నది. ఇందుకు వివిధ సామాజిక, ఆర్థిక కారణాలు దోహదపడుచున్నవి."

వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. ఇలాంటి పేరాలు మన లైబ్రరీలో బీరువాల నిండా ఉన్నాయి. కానీ ఒక్కసారి అడిగి చూడండి. గమనించబడినది అంటే, గమనించింది ఎవరు? అధికం అంటే ఎంత? ఎవరితో పోలిస్తే అధికం? వివిధ కారణాలంటే ఏ కారణాలు? ఈ పేరాలో కౌలు రైతు ఎక్కడున్నాడు? ఊరు పేరు తీసేసి ఒడిశాలో పెట్టినా, బీహార్‌లో పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అంటే ఈ అబ్బాయి ఎనిమిది నెలలు ఊళ్లో తిరిగింది ఈ పేరాకి పనికిరాలేదు.

నేను ఆ కాగితాలు పక్కన పెట్టేసి, "ఇదంతా వదిలెయ్ నాన్నా. నువ్వు మాట్లాడినవాళ్లలో నీకు బాగా గుర్తున్న ఒక్క మనిషి అప్పుల సంగతి తెలుగులో చెప్పు" అన్నాను.

చెప్పాడు. ఆ రైతుకి మూడు రకాల అప్పులున్నాయి. బావమరిది దగ్గర చేబదులు తీసుకున్నాడు. ఊళ్లో ఒకాయన దగ్గర నూటికి మూడు చొప్పున వడ్డీకి తెచ్చాడు. ఎరువులు, పురుగుమందులు షాపులో ఖాతా మీద తీసుకున్నాడు, పంట వచ్చాక ఆ షాపాయనకే అమ్మాలి. "సరే, పంట డబ్బు చేతికొచ్చాక ముందు ఏది తీరుస్తాడు?" అని అడిగాను. "షాపాయన ఎలాగూ పంటలోనే పట్టుకుంటాడు మేడమ్. మిగిలిందాంట్లో ముందు చేబదులు తీర్చేస్తాడు" అన్నాడు. వడ్డీ లేనిది ముందు తీర్చడమేంటి, నూటికి మూడు ఇంకోపక్క పెరిగిపోతుంటే? "చేబదులు తీర్చకపోతే ఇంకోసారి పుట్టదు మేడమ్. పైగా చుట్టాల్లో మాటొస్తుంది" అన్నాడు.

నాకు ఒళ్లు జలదరించింది. "ఇదే నీ థీసిస్. ఇప్పుడే కూర్చుని రాయి" అన్నాను.

ఎందుకో చూడండి. కాగితం మీద లెక్క వేసేవాడు వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు తీర్చమంటాడు. ఈ రైతు అందుకు సరిగ్గా ఎదురు చేస్తున్నాడు. లెక్కరాక కాదు. రేపు కష్టమొస్తే అప్పు ఎక్కడ పుడుతుందన్నది అతని అసలు లెక్క. వడ్డీ లేని అప్పుకి కూడా ఒక వడ్డీ ఉంది, అది పరువులో కట్టాలి. ఈ మాట పుస్తకాల్లోంచి రాలేదు. ఆ అబ్బాయి నోట్సులో ఎప్పటినుంచో ఉంది. ఇంగ్లీషులో "సంస్థాగతేతర ఋణం" అని ఒక్క పెద్ద సంచీలో చేబదులు, వడ్డీ అప్పు, షాపు ఖాతా, చీటీ పాట అన్నీ కలిపి పోసేసరికి వాటి మధ్య తేడా కనిపించకుండా పోయింది. తేడా పోయాక ఇంకేం వాదన మిగులుతుంది?

ఆ తర్వాత రాసిన పేరా ఇలా మొదలైంది: "ఈ ఊళ్లో కౌలు రైతు చేతికి డబ్బు రాగానే, నూటికి మూడు వడ్డీ పెరుగుతున్న అప్పుని ఆపి, వడ్డీ లేని చేబదులు ముందు తీరుస్తాడు. ఎందుకు?" చదివేవాడు ఇక్కడ ఆగుతాడు. తర్వాతి వాక్యం చదవాలనుకుంటాడు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఒక్క రైతు చెప్పింది సాక్ష్యం కాదు, దారి చూపించే దీపం. ఆ అబ్బాయి మళ్లీ నోట్సులన్నీ తిరగేశాడు. ఎంతమంది అలా చేస్తున్నారు, ఎంతమంది చెయ్యడంలేదు, చెయ్యనివాళ్లు ఎవరు అని చూశాడు. చుట్టాలు ఊళ్లో లేనివాళ్ల సంగతి వేరుగా ఉందని తేలింది. అది ఇంకా మంచి చాప్టర్ అయింది. వాదనకి ఎదురొచ్చే మనుషుల్ని దాచిపెట్టకండి, వాళ్లే మీ వాదనకి అంచులు గీస్తారు. రెండోది, అతని పట్టికలో "వడ్డీ: 3 శాతం" అని ఉంది. మన ఊళ్లలో నూటికి మూడు అంటే నెలకి. ఏడాదికి 36 శాతం. ఎక్కడో ఉన్న ఎగ్జామినర్ ఆ పట్టిక చూస్తే బ్యాంకు కంటే చవగ్గా అప్పు దొరుకుతోందని అనుకుంటాడు. మనకి తెలిసిన విషయం కదా అని రాయకుండా వదిలేసినవే థీసిస్‌ని దెబ్బతీస్తాయి.

ఇప్పుడు భాష సంగతి. "మేడమ్, మాది తెలుగు మీడియం" అని తలొంచుకుని చెప్పేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. తలొంచుకోవద్దు. మీలో చాలామంది ఇబ్బంది ఇంగ్లీషు దగ్గర మొదలవడంలేదు. చెప్పాల్సిన మాట తేలకముందే ఇంగ్లీషు వాక్యం కట్టడానికి కూర్చుంటున్నారు. తేలని మాటకి ఏ భాషా సాయం చెయ్యదు. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకీ ఇదే జబ్బు ఉంటుంది, కాకపోతే వాళ్ల వాక్యాలు సాఫీగా ఉండటంవల్ల బయటపడటానికి ఆలస్యమవుతుంది.

కాబట్టి ముందు తెలుగులో రాసుకోండి. చాప్టర్ అంతా అక్కర్లేదు. రోజూ ఒక పేజీ, మీ అక్కకో తమ్ముడికో చెబుతున్నట్టు. ఊళ్లో ఏం విన్నారు, ఏది వింతగా అనిపించింది, నిన్న అనుకున్నదానికి ఇవాళ చూసింది ఎక్కడ అడ్డొచ్చింది. ఆ పేజీలోంచి మాట తేలాక ఇంగ్లీషులోకి వెళ్లండి. చిన్న వాక్యాలు రాయండి. ఒక వాక్యంలో ఒక్క సంగతి. కౌలు, చేబదులు, వెట్టి, పాలేరు లాంటి మాటల్ని బలవంతంగా అనువదించకండి. ఆ మాటనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట రెండు వాక్యాల్లో అర్థం చెప్పండి. ఆ రెండు వాక్యాలు సరిగ్గా రాయడం కూడా పరిశోధనే.

అనువాదం చేసిపెట్టే యాప్‌లు, అడిగితే పేరాలు రాసిచ్చే ఏఐలు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. వ్యాకరణం సరిచూసుకోవడానికి వాడుకుంటే తప్పులేదు, మీ యూనివర్సిటీ నిబంధన ఏంటో కనుక్కుని వాడండి. కానీ మొదటి డ్రాఫ్ట్ దాని చేతికివ్వకండి. అది రాసిచ్చేది ఇందాకటి "గమనించబడినది" పేరా లాంటిదే, ఇంకొంచెం నునుపుగా ఉంటుంది. అందులో మీ బావమరిది చేబదులు ఉండదు.

లిటరేచర్ రివ్యూ, అంటే మీ టాపిక్ మీద మీకు ముందు వచ్చిన రచనల గురించి రాసే చాప్టర్, దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మామూలుగా మన థీసిస్‌ల్లో రెండో చాప్టర్ ఎలా ఉంటుంది? ఒక్కో పేరాకి ఒక్కో పేరు. శర్మ 1998లో ఇలా అన్నారు. రావు 2004లో ఇలా అన్నారు. రెడ్డి 2011లో ఇలా అన్నారు. పెళ్లి చదివింపులు మైకులో చదివినట్టు ఒకదాని తర్వాత ఒకటి. ఆ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, మీతోనూ మాట్లాడరు.

మంచి రివ్యూ ఎలా ఉంటుందో చూడాలంటే నేను నా విద్యార్థులందరికీ ఒకటే చదవమంటాను. 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో, గోల్డెన్‌వైజర్ అనే ఆచార్యుడి సెమినార్‌లో ఒక పాతికేళ్ల విద్యార్థి కులం గురించి ఒక పేపర్ చదివాడు. ఆ విద్యార్థి పేరు భీమ్‌రావ్ అంబేడ్కర్. అంటే మీ వయసే. దాన్ని మీరు కులం గురించి తెలుసుకోవడానికి చదివే ఉంటారు. ఈసారి ఎలా రాశాడో చూడ్డానికి చదవండి.

అంతకుముందు కులాన్ని నిర్వచించిన నలుగుర్ని ఆయన తీసుకుంటాడు. సెనార్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్. నలుగురి మాటల్నీ పక్కపక్కన పెడతాడు. ఎవర్నీ తీసిపారెయ్యడు, ఎవరికీ దండం పెట్టి వదిలెయ్యడు. ఒక్కొక్కరి దగ్గర ఏది పట్టుకోవచ్చో, ఏది జారిపోయిందో చెబుతాడు. ముఖ్యంగా కేత్కర్ దగ్గర ఏం చేస్తాడో చూడండి. కులానికి రెండు లక్షణాలున్నాయని కేత్కర్ అంటాడు: ఆ కులంలో పుట్టినవాళ్లే సభ్యులు కావడం, బయటివాళ్లని పెళ్లి చేసుకోకూడదన్న నిషేధం. అంబేడ్కర్ దాన్ని మెచ్చుకుంటూనే, ఇవి రెండు కావు, ఒకటే విషయానికి రెండు ముఖాలు అంటాడు. బయటి పెళ్లి నిషేధిస్తే లోపల పుట్టినవాళ్లే సభ్యులుగా మిగులుతారు కదా అని. అక్కణ్నుంచి, కులానికి మూలం లోపలి పెళ్లిళ్లే అనే తన మాట మీదకి వస్తాడు. ఆ ఒక్క మాట మీద మిగతా పేపరంతా నడుస్తుంది.

ఇప్పుడు దీన్ని మన రెండో చాప్టర్‌తో పోల్చుకోండి. ఆయన నలుగురినే తీసుకున్నాడు, నూటనలభైమందిని కాదు. ఆ నలుగురూ ఎందుకు అక్కడున్నారో చదివేవాడికి తెలుస్తుంది. వాళ్ల దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చి తన చోటుకి చేరాడు. మీ రివ్యూలో ఎవరైనా ఉన్నారంటే, వాళ్లని తీసేస్తే మీ వాదనకి ఏదో ఒకటి కూలాలి. ఏమీ కూలకపోతే వాళ్లు అక్కడ ఉండక్కర్లేదు, చివర్లో గ్రంథసూచిలోనూ ఉండక్కర్లేదు.

చదివేటప్పుడే రాసుకోవడం అలవాటు చేసుకుంటే ఇది కష్టం కాదు. ఒక వ్యాసం చదవగానే మూసెయ్యండి. అందులో ఏముందో తెలుగులో నాలుగు ముక్కల్లో రాయండి. కింద ఇంకో రెండు ముక్కలు: ఈయనతో నేను ఎక్కడ ఒప్పుకుంటాను, ఎక్కడ ఒప్పుకోను. పక్కన పేజీ నంబరు. ఈ పేజీ నంబరు ఇప్పుడు రాయకపోతే మూడేళ్ల తర్వాత సబ్మిషన్ ముందు రాత్రి ఆ వాక్యం ఎక్కడుందో వెతుక్కుంటూ ఏడుస్తారు. ఏడ్చినవాళ్లని చూశాను.

వ్యాసం తెరిచిపెట్టుకుని, చూస్తూ నాలుగు మాటలు మార్చి రాసుకుంటే మాత్రం అది మీ నోట్సు కాదు. కాపీ మొదలయ్యేది అక్కడే. ఎవరూ దొంగతనం చేద్దామని కూర్చోరు. నోట్సులో ఎవరిమాట ఎవరిదో కలిసిపోతుంది, రెండేళ్ల తర్వాత అది తన మాటే అనుకుని చాప్టర్‌లో పెట్టేస్తారు. యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిమిలారిటీ, అంటే మీ రాతలో వేరేవాళ్ల రాతతో కలిసే భాగం, 10 శాతం వరకు ఉంటే చర్య ఉండదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు దిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాదిపాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ అంకెలు తెలిసి ఉండాలి. కానీ వీటిని పాస్ మార్కుల్లా చూడకండి. "మేడమ్, నాది తొమ్మిదే వచ్చింది" అని సంబరంగా చెప్పేవాళ్లుంటారు. ఆ తొమ్మిది శాతంలో మీ ముఖ్యమైన వాదన మొత్తం వేరేవాళ్లది కావచ్చు. శాతం తగ్గించిపెడతామని డబ్బులు తీసుకునేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లకండి. వాళ్లు పర్యాయపదాలు మార్చి ఇస్తారు. మీ పేరుతో వచ్చే పుస్తకంలో మీకే అర్థంకాని వాక్యాలుంటాయి. వైవాలో, ఎగ్జామినర్ ఎదురుగా కూర్చున్నప్పుడు, ఆ వాక్యం చదివి అర్థం చెప్పమంటే ఏం చెబుతారు? ఆ థీసిస్, ఆన్‌లైన్‌లో థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగలోకి ఎక్కుతుంది, రేపు మీ విద్యార్థులు కూడా తెరిచి చూస్తారు.

అధ్యయన ప్రాంత పరిచయం అని ఇంకో చాప్టర్ ఉంటుంది. జిల్లా ఏ అక్షాంశం మీద ఉంది, సగటు వర్షపాతమెంత, ఏయే ఖనిజాలున్నాయి. మీరు రాసేది అంగన్‌వాడీల మీద అయితే ఖనిజాలతో ఏం పని? మీ వాదనకి పనికొచ్చేదే ఉంచండి. ఒక్క విషయం మాత్రం తప్పకుండా రాయాలి, చాలామంది రాయడంలేదు. మన చేతిలో ఉన్నవి 2011 జనాభా లెక్కలు. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మీరు పాత జిల్లా అంకెలు తీసుకుని కొత్త జిల్లా పేరు పెడితే పట్టిక మొత్తం తప్పు. ఏ హద్దుల లెక్క తీసుకున్నారో, మండలాల వారీగా ఎలా కూడారో ఒక పేరాలో చెప్పండి.

ఇప్పుడు ఒక బాధాకరమైన సంగతి. ఎం.ఎన్. శ్రీనివాస్ గారి పేరు సోషియాలజీవాళ్లందరికీ తెలుసు. ఆయన 1948లో మైసూరు దగ్గర ఒక పల్లెలో ఉండి ఫీల్డ్‌వర్క్ చేశారు. ఆ నోట్సుని పద్దెనిమిదేళ్లపాటు సాపు చేసుకుంటూ వచ్చారు. 1970లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో కూర్చుని పుస్తకం రాద్దామనుకుంటుండగా, ఏప్రిల్ 24న ఆయన గదికి ఎవరో నిప్పు పెట్టారు. నోట్సుకి మూడు ప్రతులుండేవి. మూడూ అక్కడే ఉన్నాయి, మూడూ కాలిపోయాయి. సాల్ టాక్స్ అనే సహచరుడు, జ్ఞాపకంతోనే రాయమని ప్రోత్సహించాడు. రాశారు. 1976లో వచ్చిన ఆ పుస్తకం మన దేశపు పల్లె గురించి వచ్చిన గొప్ప పుస్తకాల్లో ఒకటి.

దీన్నుంచి నోట్సు అక్కర్లేదని అనుకోకండి. ఆయన అన్నేళ్లు ఆ నోట్సుతో కూర్చుని రాసుకుంటూ ఉండబట్టే ఆ ఊరు ఆయన లోపల నిలిచింది. రాసింది మనసులోకి వెళ్తుంది. ఎక్సెల్ షీట్‌లో ఎంట్రీ చేసింది వెళ్లదు. ఇక ప్రతుల సంగతి మాత్రం ఇవాళే చూసుకోండి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, అదే బ్యాగులో పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టుకుంటే రెండు ప్రతులున్నట్టు కాదు. బస్సులో బ్యాగు పోతే రెండూ పోతాయి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంటి దగ్గర, ఒకటి ఆన్‌లైన్‌లో.

టైమ్ గురించి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆడపిల్లలకి అదనపు గడువుంది, ప్రసూతికీ పిల్లల పెంపకానికీ 240 రోజుల వరకు సెలవు తీసుకోవచ్చు. అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు. థీసిస్ ఇచ్చేముందు పేపర్లు అచ్చువేసి ఉండాలన్న తప్పనిసరి షరతుని కూడా యూజీసీ ఆ నిబంధనల్లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా ఏమైనా పెట్టుకుందేమో కనుక్కోండి. డబ్బులు కడితే వారంలో వేసేస్తామనే జర్నల్స్‌కి మాత్రం ఫెలోషిప్ డబ్బు పోయకండి. ఫెలోషిప్ ఆలస్యమైతే మెస్ బిల్లుకే వెతుక్కునేవాళ్లున్నారు మనలో.

రోజుకి ఎంత రాయాలి అని అడుగుతారు. ఎంత అన్నది వదిలెయ్యండి. ఎప్పుడు అన్నది ఖాయం చేసుకోండి. నా దగ్గర చేసిన ఒకావిడకి ఇద్దరు చిన్నపిల్లలు. పొద్దున ఐదింటికి లేచి, పాలప్యాకెట్ వచ్చేలోపు రాసేది. అరపేజీ, ఒక్కోరోజు నాలుగు వాక్యాలు. సెలవు పెట్టి నెలంతా కూర్చుని రాస్తానన్న మగపిల్లల కంటే ముందు ఆవిడ సబ్మిట్ చేసింది. ఆగేముందు ఆవిడ ఒక పని చేసేది. రేపు ఏ వాక్యంతో మొదలుపెట్టాలో ఆ వాక్యం సగం రాసి వదిలేసేది. పొద్దున ఖాళీ పేజీతో పోట్లాట ఉండేది కాదు.

గైడ్ల గురించి కూడా అడుగుతారని తెలుసు. "సార్‌కి చాప్టర్ ఇచ్చాను, ఆరు నెలలైంది, ఏమీ చెప్పలేదు" అని. గైడ్లు ఆలస్యం చెయ్యడం తప్పే, ఆ మాట మా స్టాఫ్ మీటింగుల్లోనూ అంటాను. మీ వైపునుంచి మాత్రం ఒకటి చెయ్యొచ్చు. అరవై పేజీలు ఇచ్చి "చూడండి సార్" అనకండి. పది పేజీలు ఇవ్వండి, పైన ఒక చీటీ పెట్టండి: "సార్, నాలుగో పేజీలో నా వాదన నిలబడుతోందా? ఏడో పేజీలో ఇచ్చిన ఉదాహరణ సరిపోతుందా?" ప్రశ్న వేస్తే జవాబు వస్తుంది. అరవై పేజీలు ఇస్తే టేబుల్ మీద ఉండిపోతాయి.

గైడ్‌తో మీ అభిప్రాయం కలవకపోతే భయపడకండి. మళ్లీ అంబేడ్కర్ దగ్గరికే వెళ్తాను. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆయన రూపాయి సమస్య మీద 1923 మార్చిలో ఇచ్చిన థీసిస్‌ని ముందు అంగీకరించలేదు. ఆయన దిద్ది ఆగస్టులో మళ్లీ ఇచ్చారు. నవంబర్‌లో అంగీకరించారు. అది పుస్తకంగా వచ్చినప్పుడు ముందుమాట రాసింది ఆయన గురువు ఎడ్విన్ కానన్. ఆ ముందుమాటలో, ఈ పుస్తకంలోని చాలా వాదనలతో నేను ఏకీభవించను అని రాశాడు. రాసి, ఇందులో కొన్ని దెబ్బలు సరిగ్గా తగలాల్సినచోటే తగిలాయని మెచ్చుకున్నాడు. శిష్యుడు తన మాట అంత స్పష్టంగా, అంత ఆధారాలతో చెప్పబట్టే గురువు ఎక్కడ ఒప్పుకోలేదో అంత స్పష్టంగా చెప్పగలిగాడు. మీ డ్రాఫ్ట్ చదివి మీ గైడ్ "ఇక్కడ నేను ఒప్పుకోను" అన్నారంటే సంతోషించండి. అక్కడ మీరు ఏదో చెప్పారన్నమాట. ఏమీ అనకుండా "బాగుంది" అంటేనే ఇంకోసారి చదువుకోండి.

దిద్దుకోవడం గురించి ఒక్క చిట్కా. పైకి చదవండి. గది తలుపు వేసుకుని గట్టిగా చదవండి. ఎక్కడ ఊపిరి అందలేదో ఆ వాక్యం విరిచెయ్యండి. ఎక్కడ మీకే విసుగొచ్చిందో ఆ పేరా తీసెయ్యండి. స్నేహితుడికి వినిపించండి, మధ్యలో ఆపి "ఇప్పటిదాకా నేనేం చెప్పాను?" అని అడగండి. అతను చెప్పలేకపోతే తప్పు అతనిది కాదు. ఈ హాల్లోనే నలుగురు చొప్పున జట్లు కట్టుకుని పదిహేను రోజులకోసారి అలా కూర్చోండి. ఎకనామిక్స్‌వాళ్లు హిస్టరీవాళ్లతో కలవండి. మీ సబ్జెక్ట్ తెలియనివాడికి అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చినప్పుడే మీ మాటలో డొల్లతనం మీకు కనిపిస్తుంది.

సరే, ఇప్పుడు కాగితాలు తియ్యండి. పైన మీ టాపిక్ పేరు రాయకండి, అది మీకూ నాకూ తెలుసు. ఈ టాపిక్‌కి సంబంధించి మీరు కళ్లారా చూసిందో చెవులారా విన్నదో ఒక్క సంగతి, మీకు వింతగా అనిపించింది, తెలుగులో రాయండి. ఫీల్డ్‌కి ఇంకా వెళ్లనివాళ్లు మీ సొంత ఊళ్లో, మీ ఇంట్లో చూసింది రాయండి. "గమనించబడినది" అనే మాట వాడొద్దు. మనుషులు ఉండాలి, వాళ్లు ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. పదిహేను నిమిషాలు. ఆ తర్వాత పక్కవాళ్లతో కాగితాలు మార్చుకోండి. పక్కవాళ్ల కాగితం చదివి, అడుగున పెన్సిల్‌తో "అయితే?" అని రాసి తిరిగివ్వండి. జవాబు ఆ కాగితం వెనక రాసుకురండి, రేపు పదింటికి ఇక్కడే కూర్చుని ఒక్కొక్కటీ చదువుదాం.